వికలాంగ బిడ్డ: అల్లాహ్‌ అప్పగించిన అమానతు



మక్కాలో ఇస్లాం తొలి రోజులవి. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఖురైష్‌ నాయకులతో మాట్లాడుతున్నారు. వారు సత్యాన్ని స్వీకరిస్తే వారి వెనుక ఎందరో వస్తారన్నది ఆయన ఆశ. అంతలో హజ్రత్‌ అబ్దుల్లాహ్‌ బిన్‌ ఉమ్మె మక్తూమ్‌ (రజి) అక్కడికి వచ్చారు. ఆయన అంధులు. తనకు ధర్మం నేర్పమని అడిగారు. మాటకు అంతరాయం కలగడంతో దైవప్రవక్త (స) ముఖం చిట్లించి, పక్కకు తిరిగారు. అప్పుడు దివ్యఖుర్‌ఆన్‌ 80వ సూరా ‘అబస’ ఆయతులు అవతరించాయి. నేర్చుకోవాలని పరుగున వచ్చినవాణ్ణి పక్కనపెట్టడం తగదని అల్లాహ్‌ తన ప్రియ ప్రవక్తనే హెచ్చరించాడు.

ఒక్క క్షణం ఆలోచించండి. ఆ చిట్లించిన ముఖం ఆ అంధ సహాబీకి కనిపించలేదు. ఆయన ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. అయినా అల్లాహ్‌ చూశాడు. చూడలేని బిడ్డ, వినలేని బిడ్డ, బుద్ధి ఎదగని బిడ్డ మన మీద ఫిర్యాదు చేయకపోవచ్చు. కాని వారి తరఫున చూసేవాడు ఉన్నాడు.

గొళ్లెం పెట్టిన తలుపు

మన గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెల్లో పత్తితీతలు, మిరపకోతలు వచ్చాయంటే తల్లులు తెల్లవారకముందే కూలికి బయలుదేరతారు. నడవలేని బిడ్డను ముసలి నానీకి అప్పగిస్తారు. ఆమె కూడా లేకపోతే తలుపుకు గొళ్లెం పెట్టి వెళతారు. ఆ తల్లిని నిందించకండి. కూలికి పోకపోతే ఆ ఇంట పొయ్యి వెలగదు. ఆ తలుపు ముందు నుంచే రోజూ మస్జిదుకు నడిచి వెళ్లే మనం ఏం చేశామన్నదే ప్రశ్న.

పెద్దపిల్ల పెళ్లి సంబంధం చెడిపోతుందని, చుట్టాలు వస్తే ఈ బిడ్డను లోపలి గదిలో దాచేవారూ ఉన్నారు. ‘నువ్వేం పాపం చేశావో’ అని తల్లిని పొడిచేవారూ ఉన్నారు. ఒకరి పాపభారం మరొకరు మోయరని ఖుర్‌ఆన్‌ స్పష్టం చేసింది. కనిగిరి వైపు నీళ్లలోని ఫ్లోరైడ్‌ వల్ల కాళ్లు వంగిన పిల్లలున్నారు. అందులో తల్లి చేసిన పాపమేమిటి? తాయెత్తులకు, మొక్కుబడులకు తిరిగిన రోజులన్నీ ఆ బిడ్డ చికిత్సలో, చదువులో తరిగిపోయిన రోజులే.

ఇది జాలి కాదు, హక్కు

బిడ్డ చదువు ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు ఇచ్చింది. ‘ఈ బిడ్డను చేర్చుకోం’ అనే అధికారం ప్రభుత్వ పాఠశాలకు లేదు. మండలాల్లో సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలు ఉన్నాయి. అక్కడ శిక్షణ పొందిన టీచర్లు ఉంటారు, ఫిజియోథెరపీ చేయిస్తారు. బడికి రాలేని బిడ్డకు ఇంటి వద్దే చదువు చెప్పే ఏర్పాటు కూడా ఉంది. బధిర పిల్లల కోసం బాపట్లలో ప్రభుత్వ ఆశ్రమ పాఠశాల ఉంది. వీటన్నిటికీ తొలి మెట్టు ప్రభుత్వాసుపత్రి మెడికల్‌ బోర్డు ఇచ్చే సదరం సర్టిఫికెట్టు.

మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు అయింది. బిడ్డ పేరిట వచ్చే ఆ సొమ్ము బిడ్డ అమానతు. పింఛను కోసం సర్టిఫికెట్టు తెచ్చి, బడి సంగతి మరిచిపోతే సగం హక్కు మనమే దాచినట్లు.

తెల్లవారిందని చెప్పే మనుషులు

ఆ అంధ సహాబీ (రజి) తర్వాత ఏమయ్యారు? దైవప్రవక్త (స) ఆయన్ను ఎంతో గౌరవించారు. మదీనాలో హజ్రత్‌ బిలాల్‌ (రజి)తో పాటు ముఅజ్జిన్‌గా నియమించారు. తాము ప్రయాణమైనప్పుడు పలుమార్లు మదీనా బాధ్యతను ఆయనకు అప్పగించారు. ఆయనకు ఉషోదయం కనిపించదు. తెల్లవారిందని జనం చెబితే ఆయన ఫజర్‌ అజాన్‌ ఇచ్చేవారు. చూపు లేకపోవడం ఆయన్ను ఆపలేదు. ఎందుకంటే ఆ ఒక్క మాట చెప్పేవారు ఆయన చుట్టూ ఉన్నారు.

మన మొహల్లాలో అలాంటివారు ఉన్నారా? వచ్చే జుమా రోజే పేష్‌ఇమాము గారు, ముతవల్లీ గారు కూర్చుని మొహల్లాలోని ఇలాంటి పిల్లల పేర్లు రాయండి. మిరపకోతల రోజుల్లో ఆ బిడ్డను భవిత కేంద్రానికి తీసుకెళ్లే బాధ్యత ఒక యువకునికి అప్పగించండి. కూలి పోగొట్టుకుని ఆసుపత్రి చుట్టూ తిరగలేని తల్లికి ఆ రోజు కూలి మీరివ్వండి. మస్జిదు మెట్ల పక్కన చక్రాల కుర్చీ ఎక్కే వాలు కట్టించండి. మక్తబ్‌లో ఆ బిడ్డను ముందు వరుసలో కూర్చోబెట్టండి.

మనలో ప్రతి ఒక్కరూ కాపరే. తమ సంరక్షణలోని వారి గురించి ప్రతి కాపరినీ ప్రళయదినాన ప్రశ్నించడం జరుగుతుంది. ఆ రోజు చూడలేని బిడ్డ చూస్తాడు, మాటరాని బిడ్డ మాట్లాడతాడు. అతను మన గురించి ఏం చెబుతాడు?

ఆ బిడ్డల హక్కును గుర్తించే మనసును, తీర్చే శక్తిని అల్లాహ్‌ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్‌.