మంచి కోసం సగం నిజం చెప్పవచ్చా?

మత్తు పదార్థాలు మనిషి బుద్ధిని హరిస్తాయి. ఇస్లాం వాటిని నిషేధించింది. ఇందులో మనకు ఎలాంటి సందేహమూ లేదు. అయితే జనాన్ని మత్తు నుంచి మరల్చడానికి ఒకరి మరణాన్ని మనకు అనుకూలంగా మలచి చెప్పవచ్చా?

1995 నవంబరులో ఇంగ్లండులోని ఎసెక్స్ ప్రాంతంలో ఒక యువతి తన 18వ పుట్టినరోజు వేడుకలో ఎక్‌స్టసీ అనే మత్తుమాత్ర వేసుకుంది. స్పృహ తప్పి, కొద్ది రోజులకే కన్నుమూసింది. ఆ తర్వాత దేశంలో దాదాపు 1500 చోట్ల ఆమె ఫొటోతో పెద్ద పోస్టర్లు వెలిశాయి. ఒకే ఒక్క మాత్ర ఆమె ప్రాణం తీసిందన్నది వాటి సారాంశం.

కాని విచారణలో తేలిందేమిటి? ఆమె గంటన్నర లోపే సుమారు 7 లీటర్ల నీళ్ళు తాగింది. రక్తంలో ఉప్పు పలచబడి మెదడు వాచింది. దీన్ని పట్టుకొని అవతలి పక్షంవారు చంపింది నీళ్ళే తప్ప మాత్ర కాదని వాదించసాగారు.

నిజానికి ఆ మాత్ర శరీరంలోని నీటిని మూత్రపిండాలు బయటికి పంపకుండా అడ్డుకుంటుంది. నీళ్ళు మాత్రమే తాగి ఉంటే ఆమె బతికేదనీ, మాత్ర మాత్రమే వేసుకొని ఉన్నా బహుశా బతికేదనీ విషవైద్య నిపుణుడు జాన్ హెన్రీ వివరించారు. అంటే రెండూ కలిసి ప్రాణం తీశాయి. ఇరుపక్షాలూ చెరి సగం చెప్పాయి. మరో బిడ్డను కాపాడగలిగే మాట మాత్రం మిగిలిన సగంలో ఉండిపోయింది.

'ఉద్దేశం మంచిదే కదా!' అని కొందరు అనవచ్చు. కాని ఒక్క మాత్రతో చావు ఖాయమని విన్న కుర్రవాడు, అది మింగిన స్నేహితుడు మర్నాడు క్షేమంగా తిరగడం చూస్తాడు. ఇక పెద్దలు చెప్పే నిజాన్ని కూడా నమ్మడు. పైగా మరణించినవారు లేచి వచ్చి తమ సంగతి చెప్పుకోలేరు. వారి వృత్తాంతం మన దగ్గర అమానతు.

వచ్చిన వార్తను విచారించి తెలుసుకోమని సూరె హుజురాత్ మనకు బోధిస్తోంది. సాక్ష్యం మనకే వ్యతిరేకమైనా న్యాయంగా పలకమన్నది దివ్య ఖుర్ఆన్ ఆదేశం. మత్తు హరామ్ కావడానికి శవాల లెక్క అవసరం లేదు. ఎవరూ చనిపోకపోయినా అది హరామే. అలాంటప్పుడు సత్యానికి అసత్యం ఆసరా దేనికి?

కనుక మన పిల్లలకు మత్తు గురించి చెప్పేటప్పుడు ఉన్నదంతా చెబుదాం. నిండు సత్యం పలికే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.