ఆ పాతికవేలు ఎవరివి?

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ మీద పడ్డప్పుడు మా గుణదలలోనూ పల్లపు వీధులు మునిగాయి. నీళ్ళు తీశాక, మునిగిన ఇళ్ళలో కింది అంతస్తు కుటుంబాలకు 25,000 రూపాయలు, పై అంతస్తుల వాళ్ళకు 10,000 ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. మా వీధిలో అద్దెకుండే ఆటో కుర్రాడి ఖాతాలో పాతికవేలు పడ్డాయి. అతను జూన్ నుంచి అద్దె బాకీ. నెలకు ఆరు వేలు. సంగతి తెలిసి ఓనరమ్మగారు పటమట నుంచి వచ్చారు. "బాకీ పోను మిగిలింది ఉంచుకో నాయనా" అన్నారు.

"మాస్టారూ, గవర్నమెంటు ఆ డబ్బు నాకిచ్చిందా, ఇంటికిచ్చిందా?" అని అతను నన్నడిగాడు.

నేను చర్చిలో పిల్లలకు బైబిలు చెబుతాను కాబట్టి తగువు నా దగ్గరికొచ్చింది. ఇలాంటి చోట మావాళ్ళు చప్పున మత్తయి సువార్త 18వ అధ్యాయం తీస్తారు. పదివేల తలాంతుల అప్పు మాఫీ అయిన సేవకుడు, తనకు నూరు దేనారాలు బాకీపడ్డ వాడి గొంతు పట్టుకున్న కథ. నాకది ఇక్కడ అన్యాయంగా తోచింది. ఓనరమ్మగారికి ఎవరు ఏం మాఫీ చేశారు? భర్త పోయాక ఆవిడకున్న ఆధారం ఆ ఇల్లే. దాని మీద బ్యాంకు లోను ఇంకా నడుస్తోంది. వరదలో మోటారు కాలిపోయింది, తలుపులు ఉబ్బిపోయాయి. ఆ ఇంట్లో ఉండరు కాబట్టి ఆవిడకు సాయం రూపాయి రాలేదు. పేదవాడని తీర్పులో పక్షపాతం చూపవద్దని లేవీయకాండం 19వ అధ్యాయంలోనే ఉంది. ఆమాట మనం పెద్దగా చదవం.

కనుక బాకీ బాకీయే. ఇందులో నాకు సందేహం లేదు.

కానీ ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం దగ్గర నేను ఆగిపోయాను. తిరగలి రాయిని తాకట్టు పట్టకూడదు, అది మనిషి బతుకుదెరువు. అప్పిచ్చినవాడు తాకట్టు కోసం ఇంట్లోకి జొరబడకూడదు, గుమ్మం బయటే నిలబడాలి. పేదవాడు కప్పుకునే వస్త్రం తాకట్టు పెడితే పొద్దుగుంకే లోపు తిరిగి ఇచ్చెయ్యాలి. ఇంత చెప్పి, అప్పు లేదని మాత్రం ఎక్కడా అనలేదు! హక్కు నిజమే, అయినా ఆ హక్కు చెయ్యి పెట్టకూడని చోట్లు కొన్ని ఉన్నాయంటోంది ఆ ధర్మం. నాకు ఇది క్షమ కన్నా కష్టమైన మాటనిపిస్తుంది. క్షమిస్తే లెక్క ఒకేసారి చెరిగిపోతుంది. ఇక్కడ లెక్క అలాగే ఉంటుంది, చెయ్యి మాత్రం ఆపుకోవాలి.

ఆ పాతికవేలు తడిసిన పరుపులకు, పాడైన ఫ్రిజ్‌కు, కొట్టుకుపోయిన బియ్యానికి, పిల్లల పుస్తకాలకు వచ్చినవి. అతనికిగానీ ఇంటికిగానీ కాదు, ఆ నష్టానికి ఇచ్చినవి. అది రాత్రి కప్పుకునే దుప్పటి లాంటి సొమ్ము. దానిమీద చెయ్యి వెయ్యొద్దని ఓనరమ్మగారికి చెప్పాను. ఆగస్టు దాకా ఉన్న పద్దెనిమిది వేలూ ఆటో సంపాదన నుంచి నెలనెలా కట్టాల్సిందేనని అతనికీ చెప్పాను. వాయిదాలు ఎప్పట్నుంచని అడిగితే, మా గుణదల కొండమీద మేరీమాత తిరనాళ్ళ నుంచి మొదలుపెట్టమన్నారు ఆవిడే. ఆవిడ దుర్గమ్మ భక్తురాలు, అయినా ఏటా ఫిబ్రవరిలో ఇక్కడికొచ్చి కొబ్బరికాయ కొడతారు.

సెప్టెంబరు అద్దె దగ్గర మాత్రం పొసగలేదు. నీళ్ళలో ఉన్న ఇంటికి అద్దేమిటని అతని వాదన. సామాను తియ్యలేదు, తాళం అతని దగ్గరే ఉందని ఆవిడ వాదన. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను ప్రకారం, వరదతో ఇల్లు శాశ్వతంగా పనికిరాకుండా పోతే అద్దెదారు ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. బురద కడుక్కుని మళ్ళీ కాపురం పెట్టిన ఇల్లు ఆ కోవలోకి రాదు. అయినా ఆ నెల అద్దె వదులుకోమనే ఆవిడను అడిగాను. ఆవిడ ఒప్పుకోలేదు. బ్యాంకువాళ్ళు సెప్టెంబరు వాయిదా వదిలారా అని నన్నే అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర వాక్యం లేదు.