ఏ దేశమని అడిగినప్పుడు

తిరుమలలో దర్శనమునకై వేచియున్న వేళ, ముందు పరిచయము లేని ఇద్దరు యాత్రికుల నడుమ మొదట పుట్టు మాట "మీదేవూరండీ?" అన్నదే. గోవిందనామము తరువాత అక్కడ ఎక్కువగా వినబడునది ఈ ప్రశ్నయే కాబోలు! పొదిలి, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములవారిలో కొందరు దీనికి సూటిగా బదులు చెప్పరు. "ఒంగోలు వైపండీ" అని ఊరకుందురు. కరవు సీమవారని చులకన చేయుదురేమో యను సంకోచము ఒకటి, ఊరి పేరు వెంటనే "ఇంతకూ మీరెవరు?" అని కులమును కూపీ తీయుదురను వెరపు మరొకటి. ఆ వెరపు అకారణమైనది కాదు.

నిజమునకు పొదిలి కదలలేదు గాని దాని చిరునామా పలుమార్లు కదలినది. 1950లో ఆ ఊరివారు మద్రాసు రాష్ట్రమున నెల్లూరు జిల్లావారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమువారైరి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ వారైరి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడగా నెల్లూరు నుండి పొదిలియు, కర్నూలు నుండి మార్కాపురము, గిద్దలూరులును అందు చేరినవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి.

మన పెద్దలు సంకల్పములో తాలూకాలను, జిల్లాలను పట్టుకొనలేదు. జంబూద్వీపము, భరతవర్షము అని మొదలిడి, శ్రీశైలమునకు ఏ దిక్కున నున్నామో చెప్పుదుము. పొదిలివారిది ఆగ్నేయ దిశ. మన ఉనికి భగవంతునకు తెలియదని కాదు. ఉన్నచోటు దాచక చెప్పుకొని గాని అర్చనకు పూనుకొనరాదని. అమెరికాలోని ఆలయములలో జంబూద్వీపమునకు మారుగా క్రౌంచద్వీపమని చెప్పు సంప్రదాయము ఏర్పడినది. కాలు మోపిన నేలను అంగీకరించుట అది. అక్కడనే పుట్టిన మన బిడ్డలను "మీది ఏ దేశము?" అని అడుగుదురు. పుట్టిన నగరము పేరు చెప్పినచో "అది కాదు, అసలు ఏ దేశము?" అని మరల అడుగుదురు. ఒకడు కోపించును, ఒకడు నవ్వి ఊరకుండును, ఒకడు పేరు సైతము కుదించుకొనును.

పూర్వము కోరంగి రేవున ఓడయెక్కి బర్మాకు, మారిషస్‌కు పోయిన తెలుగువారిని అక్కడివారు ఆ రేవు పేరుతోనే పిలిచిరి. మారిషస్‌లో చెరకుతోటల కూలికి పోయినవారి సంతతి నేటికిని సింహాద్రి అప్పన్నను కొలుచుచున్నారు, రామభజనము చేయుచున్నారు. తాతల ఊరి పేరు మరచిన ఇండ్లలోను స్వామి పేరు నిలిచినది.

ఈ విషయమున శ్రీమద్రామాయణములోని విభీషణ శరణాగతి ఘట్టమును తలచుకొనవలెను. నలుగురు అనుచరులతో సముద్రపు ఉత్తరతీరమునకు వచ్చి, ఆకసమున నిలిచి, ఎవరును అడుగకమునుపే అతడు తన పుట్టుక చెప్పుకొనెను. దుర్మార్గుడైన రావణుడు నా అన్న, నేను విభీషణుడను అనెను. లంకవాడనను మాట మింగలేదు. అది వినినంతనే సుగ్రీవుడు, వీడు గూఢచారి, చంపవలె ననెను. అంగదుడు పరీక్షింపుమనెను. జాంబవంతుడు, శత్రుదేశమునుండి కాని వేళ కాని చోటికి వచ్చినాడని శంకించెను. మైందుడు మెల్లగా ప్రశ్నింపుమనెను.

హనుమంతుడు మాత్రము వేరుగా పలికెను. వచ్చినవానిని ఉన్నట్టుండి ప్రశ్నలతో ముంచినచో, తెలివిగలవాడు మనలనే శంకించును. మేలుకోరి వచ్చిన మిత్రుని మనస్సు విరిగిపోవును అనెను. లంకలో బందీయై, రాక్షససభలో ప్రహస్తునిచే "ఎవరు పంపగా వచ్చితివి?" అని అడిగించుకొన్న వానరుడు గదా! ప్రశ్న యొక్క బరువు అతనికి తెలియును. మన సత్రములలో చిరునామా వ్రాసికొనువారు ఈ ఘట్టము ఒక్కమారు చదివిన బాగుండును.

శ్రీరాముడు అభయమిచ్చెను. శరణు జొచ్చినవాడు రావణుడే యైనను అభయమిత్తు ననెను. లంక బలాబలములను గూర్చి విభీషణుని అడిగినది ఆ తరువాతనే. పిమ్మట లక్ష్మణునిచే సముద్రజలము తెప్పించి, ఏ దేశము పేరు విని అందరును అనుమానించిరో, ఆ దేశమునకే అతనిని రాజుగా అభిషేకింపజేసెను.