పఠన వేళ నేపథ్య సంగీతం: అవధాన ధర్మం

చదువుకొనేటప్పుడో, రాసుకొనేటప్పుడో వెనుక సన్నగా సంగీతం వినిపించడం ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలో ఎన్నో ఇళ్లలో అలవాటైంది. ఏ సంగీతం తగినదన్నది కేవలం అభిరుచికి సంబంధించిన విషయంగా కనిపిస్తుంది. కాని దాని వెనుక ఒక ధర్మసందేహం దాగి ఉంది. మనిషికున్న అవధానం పరిమితం. గ్రంథమూ రాగమూ రెండూ దానినే కోరుతాయి. అందులో దేనికెంత వాటా దక్కాలి?

నేపథ్యంగా నిలవడం సంగీతానికి అవమానమేమీ కాదు. 1648లో పూర్తయిన ఎర్రకోటలోని నౌబత్‌ఖానా అందుకు సాక్ష్యం. అక్కడ నియమిత వేళల్లో మ్రోగిన వాద్యాలు కొలువుకూటపు కచేరీ కోసం కాదు. వేళను తెలపడానికి, రాజవంశీయుల రాకను చాటడానికి. అయితే సంగీతం ఎప్పుడూ ఆ హద్దులో ఒదిగి ఉండదు. ఫ్రెంచి స్వరకర్త ఎరిక్ సతీ గదిలోని సామగ్రివలె ఎవరి దృష్టినీ ఆకర్షించని సంగీతాన్ని ప్రతిపాదించి, 1920లో పారిస్‌లో వినిపించాడు. మాట్లాడుకొమ్మని, అటూ ఇటూ తిరగమని ఎంత చెప్పినా శ్రోతలు మౌనంగా వింటూ కూర్చున్నారు.

చదువుకు ఎక్కువ ఆటంకం కలిగించేది మాట. అర్థంకాని పరభాషా ప్రసంగం సైతం అక్షరాలను జ్ఞాపకం ఉంచుకొనే శక్తిని తగ్గిస్తుందని 1976లో కోల్, వెల్ష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగపూర్వకంగా చూపారు. తెలుగువారి అవధాన విద్యకు ఈ సత్యం ముందే తెలుసు. అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడానికి అప్రస్తుత ప్రసంగిని కూర్చోబెట్టింది అందుకే.

కనుక పాట కన్న వాద్యమే మేలనిపిస్తుంది. ఇక్కడా ఒక చిక్కుంది. ఢిల్లీ ఆకాశవాణి వాద్యబృందానికి సారథ్యం వహించిన ఈమని శంకరశాస్త్రి వంటి వైణికుడు త్యాగరాజ కృతిని పలికిస్తే, తెలుగు శ్రోత మనసులో సాహిత్యం తనంతట తానే మెదలుతుంది. వీణపై మాట లేకపోయినా, వినేవానిలో ఉంది. అటువంటివారికి పరిచితమైన కృతి కన్న అంతగా పరిచయం లేని హిందుస్తానీ ఆలాపనే పఠనానికి అనుకూలించవచ్చు.

చేసే పని స్వభావాన్ని బట్టి కూడా నిర్ణయం మారాలి. పట్టికలు సరిచూడడానికీ, శుద్ధప్రతి రాయడానికీ తోడుగా ఒక రాగం ఉంటే శ్రమ తెలియదు. కాని ఒక వితంతువు పింఛను దరఖాస్తు, ఒక ఉద్యోగి శిక్షపై అప్పీలు చదివేటప్పుడు ఆ కాగితం వెనుక ఒక జీవితం ఎదురుచూస్తూ ఉంటుంది. దానికి సగం మనసు ఇవ్వడం మర్యాదలోపం మాత్రమే కాదు, అన్యాయం. చెవిలో అమర్చుకొన్న పరికరం పొరుగువారి నిశ్శబ్దాన్ని కాపాడగలదు. అర్జీదారు హక్కును కాపాడలేదు.

సంగీతానికీ అటువంటి హక్కే ఉంది. దశాబ్దాల సాధనతో పండిన ఆలాపనను ప్రతిదినం నేపథ్యానికే పరిమితం చేస్తే, క్రమంగా వినడమనే విద్యే మరుగున పడుతుంది. పుస్తకం మూసి, కలం పక్కన పెట్టి, రాగం కోసమే కొంత సమయం కేటాయించేవాడు తక్కిన వేళల్లో దానిని తోడుగా పిలుచుకొన్నా తప్పులేదు.