వంత పాడేదెవరు?

ఏలూరులోని వొక పాఠశాల, కొల్లేటి వొడ్డునున్న మరొక పాఠశాల కలిసి రాయబార కథను పాటలతో, బృందగానంతో ఆడదలచాయి. అంతకు ముందు తాడేపల్లిగూడెం పోటీలలో పంతాలకు పోయిన జట్లే యివి. పద్యాలు దిద్దిపెట్టమని నన్ను పిలిచారు. ఐక్యత గొప్పదని అందరమూ అన్నాము. పాత్రలు పంచడం మొదలుపెట్టగానే అసలు ప్రశ్న యెదురైంది: కలవడమంటే యేమిటి?

పోటీదారులు వొకే రంగస్థలం యెక్కడం మనకు కొత్త కాదు. వేర్వేరు సమాజాలలో పేరు మోసిన నటులను కాంట్రాక్టరు వొక రాత్రికి కుదిర్చేవాడు. కాంట్రాక్టు నాటకాలనేవారు వాటిని. తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయాలు' ఆడుతుంటే అంకానికొక కృష్ణుడు వచ్చేవాడు. కలిసి రిహార్సల్సు వేసుకున్నది లేదు. వొక కృష్ణుడికి 'వన్స్ మోర్' పడితే, తర్వాతి కృష్ణుడు అంతకు మించి రాగం తీయాలి. యెదుట నిలబడ్డ దుర్యోధనుడు (ఆయనా చేయి తిరిగినవాడే) ఆ రాగం ముగిసేదాకా చూస్తూ వుండవలసిందే. జనం సంతోషించారు, వారిని నేను తప్పు పట్టను, ఆ కంఠాలు అటువంటివి. కాని అక్కడ కలిసినవి పేర్లు. కలిపింది టిక్కెట్టు.

కొల్లేటి చెంత ఆటపాకలో 1907లో పుట్టి, ఏలూరులో వకీలుగా వుంటూ ప్రభాత్ థియేటర్ నడిపిన బందా కనకలింగేశ్వరరావుగారు రాగాన్ని అదుపులో పెట్టి, పద్యాన్ని అర్థం తెలిసేలా పలికారు. యెదుటి పాత్రకు కూడా వినబడాలి గదా!

యింతకంటె గట్టి కలయిక బుర్రకథలో వుంది. 1943లో యేర్పడిన ప్రజానాట్యమండలి దానిని వూరూరా తిప్పింది. నాజర్ అంతటి కథకుడికైనా చెరొక ప్రక్కన వంతలు కావాలి: హాస్యానికొకరు, రాజకీయానికొకరు. వంత తాళం తప్పితే కథకుడు ఆగిపోవలసిందే. కనుక వంత తక్కువ పని కాదు.

సరే. కాని 'వంతలోనూ గౌరవముంది, మీరు వంత పాడండి' అని యెవరు యెవరితో అంటున్నారు? మా నాటకంలో హార్మోనియం, దుస్తులు, హాలు పట్నం బడివి. రిహార్సల్సు సాయంత్రం ఆరింటికి పెట్టారు. ఆరు దాటితే లంక గ్రామాలకు బస్సు లేదు. కాబట్టి ఆ పిల్లలకు పెద్ద పాత్రలు కుదరవని, బృందగానంలో నిలబెడదామని అన్నారు. యెవరికీ దురుద్దేశం లేదు. బస్సు వేళే తీర్పు చెప్పేసింది. నేనూ తలవూపాను.

లంక నుంచి వచ్చిన వొక అమ్మాయి అడిగింది: "మేం పాడతాం మాస్టారూ. మా వూళ్ళో ఆడేటప్పుడు వాళ్ళు మాకు పాడతారా?"

పద్యాలు లెక్కపెట్టి చెరిసగం పంచుదామని వొకరు సలహా యిచ్చారు. అది కాంట్రాక్టరు న్యాయం. ఆ పిల్ల అడిగింది వాటా కాదు, వంతు.

చివరకు ఆదివారాలు కొల్లేటి వైపు బడిలో రిహార్సల్సు పెట్టాము. అక్కడ ఆ అమ్మాయి కృష్ణుడు; పట్నం కృష్ణుడు వంతలో నిలబడ్డాడు. రెండు ఆదివారాలు అతనికి శ్రుతి కలవలేదు. గొంతు తగ్గించి ప్రక్కవాడి గొంతు వినడం అతనికి యెవరూ నేర్పలేదు. మేమూ నేర్పలేదు.

హార్మోనియం యిప్పుడు ఆటోలో వెళుతున్నది. బాడుగ యెవరిచ్చుకోవాలో యింకా తేలలేదు.