పడితే ఎవరిది పూచీ?

ముసలితనం గురించి తెలుగులో మాటలకు కొదవలేదు. ఒళ్లు ఉడిగింది, ఓపిక తగ్గింది, మంచాన పడింది అంటాం. ఓపిక తగ్గడానికీ మంచాన పడడానికీ మధ్య నడిచే కాలానికి మాత్రం విడిగా పేరు పెట్టుకోలేదు. వైద్యులు దాన్ని ఫ్రెయిల్టీ అంటున్నారు. 2001లో లిండా ఫ్రీడ్ బృందం దానికి ఐదు గుర్తులు చెప్పింది: ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, అలసట, చేతి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, కదలిక తగ్గిపోవడం. మూడు కనిపిస్తే ఫ్రెయిల్టీ ఉన్నట్టే, ఒకటో రెండో కనిపిస్తే దాని గడపలో ఉన్నట్టు. ఆ స్థితిలో చిన్న జ్వరమొచ్చినా, కాలు జారినా మనిషి తేరుకోవడం కష్టం. ఆడవాళ్లు మగవాళ్లకన్నా ఎక్కువ కాలం బతుకుతారు. ఈ స్థితిలో ఎక్కువగా ఉండేదీ వాళ్లే.

ఇందులో వయసు వాటా ఎంత, బతుకు వాటా ఎంత? అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తిన్న ఒళ్లు, వరస కాన్పులు మోసిన ఒళ్లు, భర్త పోయాక ఆచారం పేరుతో రాత్రి అన్నం మాన్పించిన ఒళ్లు, జీవితమంతా వంగి నాట్లేసిన నడుము. వీటి బలహీనత డెబ్భయ్యో ఏట మొదలైంది కాదు.

అయితే ఇది తిరిగిరాని దారి కాదు. కండరాలకు బలమిచ్చే వ్యాయామం, మాంసకృత్తులున్న తిండి, వాడుతున్న మందుల్ని మళ్లీ సరిచూడడం, చూపు, వినికిడి, మతిమరుపు, దిగులు - వీటిని తలా ఒక డాక్టరుకు పంచకుండా ఒకే ప్రణాళికగా చూస్తే చాలామంది కొంత కోలుకుంటారు, కొందరు ఆ స్థితికి చేరకుండానే ఆగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మార్గదర్శకాలిచ్చి, 2019లో కరదీపిక వేసిన సమగ్ర సంరక్షణ ఇదే. అందులో ఒక పరీక్ష: చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేవాలి, 14 సెకన్లలోపు. (జీవితమంతా నేలమీద గొంతుక్కూర్చుని పని చేసినవాళ్లకి మొదట కుర్చీలో కూర్చోవడమే కొత్త.) సంరక్షకులకు ఆసరా ఇవ్వాలనేది ఈ పద్ధతిలో ఐదో మెట్టు, అంటే ఆఖరుది. సంరక్షకులు! ఆడా మగా తెలియనివ్వని మర్యాదైన మాట. 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో ఇంటి చాకిరి చేసినవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు చేసినట్టు తేలింది. ఆ మర్యాద మాట వెనకున్నది ఎవరో విడిగా చెప్పాలా?

మా పెద్దమ్మకి 78 ఏళ్లు. ఒకసారి పెరట్లో జారింది. ఎముక విరగలేదు కానీ ఆ రోజు నుంచి వంటింట్లోకి రావద్దన్నారు, మేడ మెట్లు ఎక్కొద్దన్నారు. "కృష్ణా రామా అనుకుంటూ కూర్చోక నీకెందుకే ఇవన్నీ" అని చుట్టాలందరూ ఒకే పాట. ఆరునెలల్లో చీర కుచ్చెళ్లు నిలబడి పెట్టుకోలేకపోయింది. కదలకుండా కూర్చోబెడితే కండరం కరిగిపోతుంది. ప్రేమతో చేసినా కరిగిపోతుంది. ఆసుపత్రిలో డాక్టరు అన్నయ్యని అడిగాడు, "ఆవిడ తింటున్నారా, నిద్ర పడుతోందా?" అన్నయ్య వదిన వైపు చూశాడు. జవాబు వదిన చెప్పింది. పెద్దమ్మని ఎవరూ అడగలేదు. వదినకి నిద్ర పడుతోందా అనీ ఎవరూ అడగలేదు.

పొందేవాళ్ల స్పందన వినకుండా సంరక్షణ పూర్తి కాదని జోన్ ట్రాంటో 1993లోనే రాసింది. ఆ లెక్కన పెద్దమ్మని మెట్లెక్కనివ్వాలి. పడే అవకాశం ఉందని తెలిసి ఎక్కడం ఆమె హక్కు. నేనదే అన్నాను. వదిన బియ్యం ఏరుతూ, "ఎక్కనీ. పడితే ఎవరిది పూచీ? అత్తయ్య పడిందని ఎవరూ అనరు, కోడలు చూసుకోలేదంటారు" అంది.

నా చదువులో ఎదురుకాని చిక్కు ఇది. ఒక స్త్రీ స్వేచ్ఛకి మూల్యం ఇంకో స్త్రీ పరువు. పెద్దమ్మని కూర్చోబెడుతున్నది వదిన భయం, ఆ భయాన్ని పెంచింది చుట్టుపక్కల నోళ్లు. 2007 తల్లిదండ్రుల పోషణ చట్టం పిల్లల్లో కొడుకునీ కూతుర్నీ మనవల్నీ లెక్కించింది, కోడలి పేరెత్తలేదు. కోడళ్లనీ అల్లుళ్లనీ చేర్చాలన్న 2019 సవరణ బిల్లు చట్టం కాలేదు. కానీ చట్టంలో లేని కోడలే లోకం నోట్లో మొదటి ముద్దాయి. సర్కారు వైపునుంచి గుమ్మం దాకా వచ్చే ఆశా కార్యకర్త కూడా జీతం లేని, గౌరవ వేతనపు ఆడమనిషే. 2024లో డెబ్భై దాటినవాళ్లందరికీ విస్తరించిన ఆయుష్మాన్ భారత్ ఆసుపత్రిలో చేరితే అక్కరకొస్తుంది. చేరకుండా చూసుకునే రోజువారీ శ్రమకి పైసా రాదు.

అందుకే సంరక్షణ ప్రణాళికలో మందుల పక్కన పూచీ కూడా రాయాలంటాను. పెద్దావిడ ఏ ప్రమాదానికి సిద్ధపడిందో ఆమె మాటల్లోనే ఉండాలి. దానికి ఎవరెవరు ఒప్పుకున్నారో కొడుకు సంతకంతో సహా ఉండాలి. చూసుకునే మనిషికి కాదనే హక్కు, వారానికో సెలవు ఉండాలి. ఇవి లేని సమగ్రత రెండు ఒళ్లనీ అరగదీస్తుంది, ముందు అత్తని, తర్వాత కోడలిని. ఇప్పటికే వదిన మోకాళ్లు పట్టుకుని లేస్తోంది.

పెద్దమ్మ ఈమధ్య మళ్లీ మేడ ఎక్కుతోంది, గోడకి బిగించిన కడ్డీ పట్టుకుని, రోజుకి ఒకసారి. అన్నయ్య ఆఫీసు నుంచి వచ్చి వెనకాల నిలబడితేనే ఎక్కాలని వదిన షరతు పెట్టింది. అన్నయ్య ఇప్పుడు ఆరింటికల్లా ఇంటికొస్తున్నాడు.