చింతయు నొప్పియు

“ఇది నీ మనస్సులోనిదే” యని వైద్యుడు పలికిన మాటను “ఇది నటన” యని యర్థము చేసికొనుట మన కుటుంబములలో సాధారణము. కోడలికి మెడ పట్టినను, పరీక్షదినమున పిల్లవానికి కడుపు నొచ్చినను, ఎముక విఱుగలేదు, జ్వరము లేదు, కావున నొప్పియు లేదని పెద్దలు తీర్పు చెప్పుదురు. ఈ తీర్పు శాస్త్రమునకు విరుద్ధము. అంతకు మించి, అన్యాయము.

భయము కలిగినప్పుడు దేహమేమి చేయునో చూడుడు. గుండె వేగముగా కొట్టుకొనును. పోరాడుటకో పాఱిపోవుటకో సిద్ధమైనట్లు కండరములు బిగియును. హార్వర్డు పండితుడు వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథమున దీనిని విపులముగా చర్చించెను. పులి యెదురైనచో ఈ బిగువు ప్రాణరక్షకమే. పులి వెడలిపోగానే కండ సడలును. కాని అప్పులవాడును, అత్తగారి మాటయు, పై యధికారి చూపును అట్లు వెడలిపోవునవి కావు. దినమంతయు భుజములు చెవులవైపు ఎగిసియుండును, దవడలు బిగిసియుండును. ఆ సంగతి ఆ మనుష్యునికే తెలియదు. ప్రొద్దుగూకునప్పటికి మెడయు తలయు నొచ్చును. ఆ నొప్పి యే మహారోగమునకు సూచనయో యని మఱల భయపడును. ఆ భయము కండను మఱింత బిగించును. విషాదము రోగమును పెంచువానిలో మొదటిదని చరకసంహిత ఏనాడో లెక్కించినది.

చికాగో వైద్యుడు ఎడ్మండ్ జాకబ్సన్ 1929లో ప్రకటించిన ఉపాయము సులభమైనది: ఒక్కొక్క కండను బుద్ధిపూర్వకముగా బిగించి, పిదప వదలి, ఆ రెంటి భేదమును గుర్తింప నేర్చుట. శవాసన మెఱిగినవారికి ఇందు కొంత చుట్టఱికము కనబడును.

నొప్పి గాయమునకు కొలతబద్ద కాదనుటకు హెన్రీ బీచర్ అను అమెరికను వైద్యుని పరిశీలన చాలును. రెండవ ప్రపంచయుద్ధమున గాయపడిన సైనికులను, శస్త్రచికిత్స పొందిన పౌరులను పోల్చి ఆయన 1956లో వ్రాసెను. నొప్పిమందు కోరినవారు సైనికులలో నూటికి 32గురు, పౌరులలో 83గురు. సైనికునకు గాయము రణభూమినుండి విడుదల. పౌరునకు అది కష్టములకు ఆరంభము. భేదమునకు ఆయన చూపిన కారణమిదియే.

అయినను, ప్రతి నొప్పిని చింతపై త్రోసివేయుటయు దోషమే. ముందుగా రోగమును వెదకవలసినదే. ముఖ్యముగా స్త్రీల విషయమున ఈ వెదకుటయే తఱచు మానివేయబడుచున్నది. చింతయే కారణమని తేలినప్పుడును “ధైర్యముగా నుండు” మని చెప్పి లేచిపోవుట చవుకైన చికిత్స. భయపెట్టు వస్తువు నిజముగా ఎదుటనుండగా కండ యెట్లు సడలును? బల్లమీద బెత్తమున్నప్పుడు బాలుడు కలమును వ్రేళ్లు తెల్లబడునంతగా బిగించి పట్టును. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో దండనను నిషేధించినను, కొన్నిచోట్ల ఆ బెత్తమింకను బల్లమీదనే యున్నది.